వరండాలో అడ్డగీతలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఆయన్ని మొదటి రోజు నుంచీ మాస్టారూ అనే పిలిచాను. ఇవాళ ఇంటిపేరుతో సహా పలికితే ఎవరో పరాయి మనిషి గురించి మాట్లాడుతున్నట్టు నాకే ఉంటుంది. కనక మాస్టారనే అంటాను. వారి కుటుంబసభ్యులు ఏమీ అనుకోరనే నమ్మకం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఫిజియోథెరపీలో ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఈ మాట చెవిన పడితే మాస్టారు ఏమనేవారో ఊహించగలను. "ముందు ఆ గోనియోమీటరు ఎవరి జేబులో ఉందో కనుక్కో, రియాలిటీ సంగతి తర్వాత చూద్దాం." కీలు ఎంత వంగుతోందో కొలిచే ఆ ప్లాస్టిక్ కొలబద్ద మా డిపార్టుమెంటులో అవసరానికి ఎప్పుడూ దొరికేది కాదు. అయినా ఈ విద్యలో నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే, అదీ ఆ మాట మా ఎవరికీ తెలియని రోజుల్లో. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను చదువుకునే రోజుల్లో మా డిపార్టుమెంటుకి ఒక రిటైర్డు పోస్టుమాస్టరుగారు వచ్చేవారు. పార్కిన్సన్స్ జబ్బు. వరండాలో చిన్న చిన్న అడుగులతో ఎలాగో నడిచేవారు గానీ, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోయేవి. ఒళ్లు ముందుకు వాలేది, కాళ్లు కదిలేవి కావు. భార్య వెనకనుంచి భుజం పట్టుకుని "నడవండి, నడవండి" అంటుంటే ఆయనకి ఇంకా బిగుసుకుపోయేది. మాస్టారు ఆమెని కాస్త పక్కకి జరగమని, జేబులోంచి చాక్‌పీసు తీసి, వంగి, గుమ్మం దాకా అడుగున్నరకొకటి చొప్పున అడ్డగీతలు గీశారు. "అయ్యా, మీరు నడవొద్దు. ఆ గీత తొక్కకుండా దాటండి, చాలు." ఆయన దాటారు. ఒకటి, రెండు, మూడు, ఏడు గీతలూ దాటి గుమ్మం అవతల పడ్డారు. చూస్తున్న మాకు చప్పట్లు కొట్టాలనిపించింది. గీతలు అయిపోయిన చోట ఆయన మళ్లీ ఆగిపోయారు.

చాక్‌పీసు అప్పటికే అరిగిపోయింది. మాస్టారు చెయ్యి దులుపుకుంటూ అన్న మాట ఒక్కటే: "ఈయనతో పాటు గీతలు కూడా నడవాలి. అది నా వల్ల కాదు."

జబ్బు తమాషా అది. మామూలుగా నడక మనం ఆలోచించకుండా సాగిపోయే పని. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గ్యాంగ్లియా ఆ పనిని చూసుకుంటుంది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది ఆ యంత్రాంగమే. కంటి ముందు ఒక గీత కనిపించి, దాన్ని దాటాలన్న ఉద్దేశం కలిగితే, మెదడు చెడిన దారి వదిలి మరో దారిలో కాలికి కబురు పంపుతుందని మనవాళ్లు వివరిస్తారు. గీతలు అడ్డంగానే ఉండాలి. నడిచే దిక్కుగా నిలువునా గీస్తే ఉపయోగం లేదు. బ్రిటిష్ న్యూరాలజిస్టు జేమ్స్ పర్డన్ మార్టిన్ 1967లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి నమోదు చేశారు. మాస్టారు ఆ పుస్తకం చదివారో, తన గురువుల దగ్గర చూసి నేర్చుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది.

గీతలు కూడా మనిషితో నడవాలన్న కోరిక ఇంకొకరికీ కలిగింది. అమెరికాలో టామ్ రీస్ అని పాదాల వైద్యుడు, తనే పార్కిన్సన్స్ రోగి. నేల మీద వస్తువులు పరుచుకుని వాటి మీదుగా దాటితే కాలు కదులుతోందని తన ఒంటి మీదే గమనించాడు. 1990ల్లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రయోగశాల వాళ్లతో కలిసి, ఆ వస్తువుల బొమ్మలు కళ్లజోడులోనే కనిపించే ఏర్పాటుకు పూనుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న నేల నేలలాగే కనిపిస్తుంది, దాని మీద మెట్లలాగా గుర్తులు అదనంగా కనిపిస్తాయి. మనిషి నడిస్తే అవీ నడుస్తాయి. మన వృత్తిలో ఆగ్మెంటెడ్ రియాలిటీ అడుగుపెట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి. తెచ్చింది ఇంజనీరు ఒక్కడే కాదు, నడవలేకపోతున్న మనిషి కూడా. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

అసలు ఆ పేరు పుట్టింది విమానాల కార్ఖానాలో. బోయింగ్ కంపెనీలో తీగల కట్టలు బిగించే పనివాళ్లకు ఏ తీగ ఎటు పోవాలో పెద్ద పెద్ద చెక్కల మీద గుర్తులు వేసి పెట్టేవారు. ఆ చెక్కలు మార్చే బదులు, పనివాడి కంటి ముందే గుర్తులు చూపిస్తే సరిపోతుంది గదా అని టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అనే ఇద్దరు ఆలోచించారు. 1992లో వెలువడిన వాళ్ల పత్రంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. దీన్ని వర్చువల్ రియాలిటీతో కలిపేసి మాట్లాడటం మనవాళ్లకు అలవాటు. వర్చువల్‌లో గది మాయమవుతుంది. మంచం, గోడ, మీ చెయ్యి ఏవీ ఉండవు, అంతా బొమ్మల లోకం. ఆగ్మెంటెడ్‌లో గది గదిలాగే ఉంటుంది, బల్ల మీద స్టీలు గ్లాసు స్టీలు గ్లాసులాగే ఉంటుంది, పైన ఇంకొకటి చేరుతుంది. మామూలు మనిషికి ఇదో చిన్న తేడా. నిలబడితే తూలిపోయే పక్షవాతం రోగికి మాత్రం తన పాదాలు తనకి కనపడటమే పెద్ద ఆసరా. అందుకే నా మొగ్గు రెండోదాని వైపు.

ఆ మాటకొస్తే కళ్లజోడు కూడా తప్పనిసరి కాదు. నాసిక్‌లో పుట్టిన రమేశ్ రాస్కర్ అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు, 1998లో తన గురువులతో కలిసి ఒక పత్రం రాశారు. బొమ్మని మనిషి కంటికి తగిలించనక్కర్లేదు, ప్రొజెక్టరుతో నేరుగా వస్తువు మీదే వెయ్యవచ్చు అన్నది అందులో సారం. ఈ కబురు నాకు చాలా ఆలస్యంగా అందింది. దాని మీద ఆధారపడి నేను చేసిన పని ఒకటుంది, అది చెప్పేముందు ఒక లెక్క చెప్పాలి.

మన వృత్తిలో అసలు కరువు దేనికి? యంత్రాలకు కాదు, మందులకు కాదు. చేసిన కదలికనే మళ్లీ మళ్లీ చెయ్యడానికి. పక్షవాతం వచ్చాక మెదడులో మిగిలిన భాగం పోయిన పనిని నేర్చుకోవాలంటే అభ్యాసం వందల్లో ఉండాలి. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో ఒక ముంగాలు రోజుకి 400 నుంచి 600 సార్లు మేత అందుకుంటేనే మెదడు పటంలో మార్పు కనిపించింది. మరి మనుషులకి మనం ఎంత చేయిస్తున్నాం? క్యాథరిన్ లాంగ్ బృందం ఉత్తర అమెరికాలోని పునరావాస కేంద్రాల్లో కూర్చుని లెక్కపెట్టి 2009లో ఫలితం ప్రకటించింది. చేతికి సంబంధించిన పనికొచ్చే కదలికలు ఒక సెషన్‌కి సగటున 32. ముప్పై రెండు! అన్ని హంగులూ ఉన్న చోట పరిస్థితి అది. ఒక థెరపిస్టు గంటకి ఎంతమందిని చూస్తుందో తెలిసిన మీకు మన సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇంటికి పంపి చేయించవచ్చు గదా అంటారు. రోగి ఇంట్లో కూర్చుని ఖాళీ చేతిని గాలిలోకి మూడొందల సార్లు ఎత్తి దించాలంటే ఎవరికైనా విసుగే. మొదటి వారం కోడలు గుర్తుచేస్తుంది. రెండో వారం కొడుకు కసురుతాడు. మూడో వారానికి ఎవరో పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందంటారు, ఇంకెవరో ఫలానా ఊళ్లో నాటుమందు పోస్తారంటారు, మనిచ్చిన వ్యాయామాల కాగితం క్యాలెండరు వెనక్కి చేరుతుంది. వాళ్లని తప్పుపట్టలేను. పావురం నెత్తురు రాయించుకోవడానికి రోగి పెద్దగా చెయ్యవలసిందేమీ లేదు గదా.

కుటుంబసభ్యులకే శిక్షణ ఇచ్చి ఇంట్లో చేయిస్తే ఎలా ఉంటుందని మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. అటెండ్ అని దాని పేరు. 14 ఆస్పత్రులు, 1250 మంది రోగులు, ఫలితం 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లోగానీ, ఇతరుల మీద ఆధారపడటంలోగానీ మామూలు చికిత్స పొందినవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. ఈ ఫలితం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. తేడా వస్తుందని నమ్మినవాళ్లలో నేనొకదాన్ని. చూపించి, నేర్పించి, పంపించేస్తే సరిపోవడం లేదు. రోజూ చూసే కన్నొకటి కావాలి, రోగికి చెయ్యాలనిపించే కారణమొకటి కావాలి. ఇది ఆ పరిశోధకులు రాసిన మాట కాదు, నేను తీసుకున్న అర్థం.

ఇక నా ప్రొజెక్టరు కథ.

పక్క మండలం నుంచి ఒక పెద్దావిడ కోడలితో కలిసి బస్సులో వచ్చేది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు, కుడి చెయ్యి పడిపోయింది. భుజం కొంచెం లేస్తోంది, మోచెయ్యి ముడుచుకుని ఉంటుంది, వేళ్లు అరకొరగా తెరుచుకుంటున్నాయి. అప్పటికి మా దగ్గర ఒక విదేశీ ఆట ఉంది. తెర మీద బుడగలు వస్తుంటాయి, చేత్తో పగలగొట్టాలి. ఆవిడ ఇరవై పగలగొట్టి, "ఇదేం ఆట తల్లీ, పసిపిల్లల్ని ఆడించినట్టు" అంది. ఆపైన ప్రతి బుడగకీ యంత్రం ఇంగ్లీషులో శభాష్ అంటోంది. ఎవరినో తిడుతోందేమోనని ఆవిడ కోడలి వంక చూసింది.

మరేం చేస్తావమ్మా ఇంట్లో అంటే, "ఏం చేస్తాను, కూచుంటాను. ముగ్గు కూడా కోడలే వేస్తోంది, అదీ నాలుగు గీతలు గీకి వస్తోంది" అంది. కోడలు నవ్వింది గానీ ఆ మాటలో ఆవిడ బాధ ఉంది. ధనుర్మాసం నెల్లాళ్లూ వీధి వీధంతా ఆవిడ ముగ్గు చూడటానికి వచ్చేవాళ్లట.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. వాడిని కూర్చోబెట్టాను. సెమినారు హాల్లోని ప్రొజెక్టరుని సెలైను స్టాండుకి కట్టి, కిందికి వంచి, బల్ల మీద పడేట్టు చేశాం. పక్కన ల్యాప్‌టాప్, దాని కెమెరా చేతివేళ్లను గుర్తుపట్టేట్టు వాడు ప్రోగ్రాము రాశాడు. వేళ్లని కెమెరాతో గుర్తుపట్టే సరంజామా ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుందట, గూగుల్ వాళ్ల మీడియాపైప్ లాంటివి. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద వెలుతురు చుక్కలు. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు. వేలు ఒక చుక్క దగ్గరికి చేరితే అది పచ్చగా మారి, అక్కడిదాకా గీత పడుతుంది, తర్వాత వెళ్లాల్సిన చుక్క మిణుకుమంటుంది.

ఆవిడ మొదట చెయ్యి కదపలేదు. బల్ల వంకే చూసింది. తర్వాత ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని బల్ల మీద పెట్టి, మెల్లగా జరపడం మొదలుపెట్టింది. నాలుగో చుక్క దగ్గర ఆగి మావాడితో అంది: "ఎవరు నేర్పారు నాయనా నీకు? మెలిక అటు తిరగదు. చుక్క కిందనుంచి వచ్చి పైకి పోవాలి." వాడు ఆ రాత్రి కూర్చుని ప్రోగ్రాము దిద్దుకొచ్చాడు. మర్నాడు ఆవిడ ఇంకో రెండు తప్పులు పట్టింది. మూడో రోజు ఎడం చెయ్యి సాయం లేకుండానే కుడి చెయ్యి చుక్క నుంచి చుక్కకి పోతోంది. యంత్రం లెక్క ప్రకారం ఒక్క పూటలో చుక్కలు అందుకోవడం రెండొందలు దాటింది. ఆవిడకి ఆ అంకెతో పని లేదు. ముగ్గు పూర్తికాకుండా లేవనంది. బస్సు వెళ్లిపోతోందని కోడలు గుమ్మంలో నిలబడి గొడవ.

ఇక్కడితో ఆపేస్తే ఈ కథ ఏ పత్రికలోనైనా వేసుకుంటారు. నేను మాస్టారి శిష్యురాలిని గనక తర్వాతది కూడా చెప్పాలి.

నాలుగో రోజు నేను ముగ్గు చూడటం మానేసి ఆవిడ్ని చూశాను. మోచెయ్యి అసలు తెరుచుకోవడం లేదు. చుక్క దూరమైన కొద్దీ ఆవిడ నడుము వంచి ఒళ్లంతా ముందుకి తెస్తోంది, ముడిచిన చెయ్యి ముడిచినట్టే చుక్క మీదికి చేరుతోంది. కెమెరా చూసేది వేలి కొసని మాత్రమే. వేలు చుక్క మీదికి వస్తే దానికి గెలుపే. అంటే రెండొందల సార్లు ఆవిడ తప్పు కదలికని అభ్యాసం చేసింది, యంత్రం రెండొందల సార్లు మెచ్చుకుంది. ప్రతి థెరపిస్టుకీ తెలిసిన దొంగతనం ఇది, రోగికే తెలియని దొంగతనం. పాత చున్నీ ఒకటి తెచ్చి ఆవిడ ఒంటిని కుర్చీ వీపుకి కట్టాను. రెండొందలు కాస్తా అరవైకి పడిపోయింది. "నిన్నటిదాకా బాగానే వేశాగా, కట్టేస్తే ఎట్లా వెయ్యను?" అని నా మీద కోప్పడింది. ఆ రోజు మాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. అయినా ఆ అరవైయే నిజమైన అరవై.

మా వాడిని అడిగితే భుజాన్నీ నడుమునీ కూడా కనిపెట్టేట్టు చెయ్యొచ్చత్తా అన్నాడు, చేశాడు. ఒళ్లు ముందుకి వంగితే చుక్కలు ఆరిపోతాయి. అదీ బాగానే ఉంది. అయితే మోచెయ్యి ఎందుకు తెరుచుకోవడం లేదో యంత్రం చెప్పలేదు. కండరం బిగుసుకుపోయిందా, కీలే పట్టేసిందా, భుజం నొప్పికి భయపడుతోందా? అది తెలియాలంటే ఆ చెయ్యి మన చేతిలోకి తీసుకుని మెల్లగా చాపి చూడాలి. బిగువు ఒకచోట ఠక్కున అడ్డం పడి తర్వాత వదిలితే ఒక అర్థం, మొదటినుంచీ రాయిలా ఉంటే ఇంకో అర్థం. కెమెరాకి రంగు తెలుసు, దూరం తెలుసు, బరువు తెలియదు.

ఇంకో ముచ్చట, కాస్త నవ్వు వచ్చేది. ఒకసారి ఊళ్లో శిబిరం పెట్టాం. ఎవరో అరువిచ్చిన లోతు కొలిచే కెమెరా తీసుకెళ్లి బడి వరండాలో బిగించాం. మనిషి ఎదురుగా నిలబడితే తెర మీద కీళ్లన్నీ కలిపిన అస్థిపంజరం బొమ్మ పడాలి, దాని పక్కన ఎలా కదలాలో చూపించే నీడబొమ్మ ఉండాలి. పొద్దున్న తొమ్మిదింటికి అంతా సవ్యంగా ఉంది. పదిన్నరకి ఎండ వరండాలోకి వచ్చింది. ఆ రకం కెమెరాలు కంటికి కనపడని పరారుణ కాంతిని వెదజల్లి దూరం కొలుస్తాయి, ఎండలోనూ అదే కాంతి బోలెడుంటుంది. తెర మీద బొమ్మకి పూనకం వచ్చినట్టు చేతులూ కాళ్లూ ఊగిపోతున్నాయి. నిలబడ్డ ముసలాయన తనకి అలా అవుతోందేమోనని భయపడి కుర్చీలో కూలబడ్డాడు. నీడకి జరిపాం. అప్పుడు చీరల సమస్య. కుచ్చిళ్లలో రెండు కాళ్లు ఎక్కడున్నాయో దానికి అంతుపట్టలేదు, ఇద్దరాడవాళ్లకి ఒంటికాలు చూపించింది. లుంగీ కట్టుకున్నాయనకి మోకాలే లేదంది. ఆ కెమెరాకి తెలిసిన మనిషి ప్యాంటూ చొక్కా వేసుకుని తెల్లగోడ ముందు నిలబడే మనిషి. నాకు దాని మీద కోపం రాలేదు. మన మనుషుల్ని దానికి ఎవరూ పరిచయం చెయ్యలేదు, అంతే.

లేని చేతి నొప్పి గురించి చెప్పకపోతే ఈ అంశం సగమే అవుతుంది. చెయ్యో కాలో తీసేసిన తర్వాత కూడా అది ఉన్నట్టే అనిపించడం, పైగా భరించలేని నొప్పి పెట్టడం. షుగరు ముదిరి కాలు పోగొట్టుకున్నవాళ్లు మన వార్డుల్లో ఎంతమంది! "లేని బొటనవేలు మండుతోందయ్యా" అంటే ఇంట్లోవాళ్లు నమ్మరు, మతి చెడిందంటారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకి చికిత్స చేసిన వైర్ మిచెల్ 1871లో దీనికి ఇంగ్లీషులో భూతావయవం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. దీనికి అద్దంతో మందు కనిపెట్టింది మన పొరుగు తమిళనాడులో పుట్టిన విలయనూర్ రామచంద్రన్. 1990ల్లో కాలిఫోర్నియాలో ఆయన చేసింది చాలా తేలికైన పని. పెట్టెలో నిలువుగా ఒక అద్దం. ఉన్న చేతిని అద్దం ముందు పెడితే, లేని చెయ్యి ఉండాల్సిన చోట దాని ప్రతిబింబం కనిపిస్తుంది. ఉన్న చేతి పిడికిలి విప్పితే లేని చెయ్యీ విప్పినట్టు కనపడుతుంది. ఎన్నో ఏళ్లుగా బిగుసుకుపోయిన పిడికిలి విడిచినట్టు కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత ఇదే అద్దాన్ని పక్షవాతానికీ వాడారు. 2018 నాటి కోక్రేన్ సమీక్ష 62 అధ్యయనాలు, 1982 మంది రోగులను కలిపి చూసి, చేతి కదలిక మెరుగుపడటానికి అద్దం పనికొస్తుందనే తేల్చింది. మాస్టారు ఈ చికిత్సకి వాడిన అద్దం మంగలి షాపు నుంచి తెచ్చింది, మూల పగిలింది. మా డిపార్టుమెంటులో ఇంకా ఉంది.

అద్దానికి ఒక లోటుంది. అది చూపించేది ఉన్న చేతి కదలికని. లేని చేతితో మనిషి ఏం చెయ్యాలనుకుంటున్నాడో దానికి పట్టదు. రెండు చేతులూ పోయినవాడికి అది ఉత్త గాజు. స్వీడన్‌లో చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేసిన మాక్స్ ఓర్టిజ్ కాటలాన్ ఇక్కడ పట్టుకున్నాడు. మిగిలిన మొండి మీద ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. రోగి లేని పిడికిలి విప్పాలనుకుంటే మొండిలోని కండరాల్లో సన్నటి విద్యుత్తు పుడుతుంది. కంప్యూటరు ఆ తీరుని చదివి అతని ఉద్దేశం ఏమిటో కనిపెడుతుంది. తెర మీద రోగికి కనపడేది తన సొంత ఒళ్లే, కెమెరాలో పడ్డట్టు. మొండి ఉన్న చోట మాత్రం ఒక బొమ్మ చెయ్యి మొలిచి ఉంటుంది, అతను అనుకున్నట్టే కదులుతుంది. 48 ఏళ్లుగా ఈ నొప్పితో బతుకుతున్న ఒకాయనకి ఇలా చేసి ఉపశమనం కలిగిందని 2014లో రాశారు. 2016లో లాన్సెట్‌లో 14 మంది మీద ఫలితం వచ్చింది. మందులూ అద్దాలూ అన్నీ అయిపోయినవాళ్లే వాళ్లంతా. 12 సెషన్ల తర్వాత నొప్పి దాదాపు సగం తగ్గింది.

యువ థెరపిస్టులు ఈ ఫలితం చూసి ఉప్పొంగిపోతారు, నేనూ పొంగాను. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ 14 మందికి పోలికగా ఇంకో చికిత్స పొందిన గుంపు లేదు. పక్షవాతం విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. వర్చువల్ రియాలిటీ, వీడియో ఆటల మీద 2017 కోక్రేన్ సమీక్ష 72 పరిశోధనలు, 2470 మంది రోగులను చూసింది. చేతి పనితీరు విషయంలో మామూలు చికిత్సకి బదులు వీటిని పెడితే అదనపు లాభం కనపడలేదు. మామూలు చికిత్సకి వీటిని చేర్చి మొత్తం అభ్యాస సమయం పెంచితే లాభం కనిపించింది. అమ్మకానికి వచ్చే ప్రతినిధి మీకు రెండో వాక్యమే చెబుతాడు.

అమ్మకం మాట వచ్చింది గనక ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ కెమెరా 2010లో వీడియో ఆటల కోసం వచ్చింది. పునరావాస చికిత్స మీద దానితో జరిగినన్ని ప్రయోగాలు మరే ఆటవస్తువుతోనూ జరగలేదేమో. 2017లో దాని తయారీ ఆపేశారు. తర్వాత అందరూ హోలోలెన్స్ కళ్లజోడు వైపు తిరిగారు. మొదటిది అరకిలో దాటిన బరువు, పక్షవాతం వచ్చిన మనిషి మెడ మీద! రెండోదాని ఖరీదు 3500 డాలర్లు. 2024లో దాన్నీ ఆపేశారు. పీహెచ్‌డీలు మిగిలాయి, పరికరాలు బీరువాల్లో ఉన్నాయి.

దీని పక్కన జైపూర్ పాదాన్ని పెట్టి చూడండి. 1968లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ కలిసి రూపొందించారు. ఆ పాదంతో చెప్పుల్లేకుండా నడవవచ్చు, బురదలో దిగవచ్చు, నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చోవచ్చు. మయూరి సినిమా చూసిన తరానికి ఆ పాదంతోనే నాట్యం చేసిన సుధా చంద్రన్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ పాదం ఇన్నేళ్లు నిలబడటానికి కారణం అది రబ్బరూ చెక్కా కావడం, విరిగితే బాగుచేసే చేతులు ఇక్కడే ఉండటం. మనం ఏ యంత్రం కొన్నా ముందు అడగాల్సింది ధర కాదు, చెడిపోతే మా ఊళ్లో ఎవరు బాగుచేస్తారని. ఈ లెక్కన నాకు ఆశ ఉన్నది ఖరీదైన కళ్లజోళ్ల మీద కాదు, ప్రతి ఇంట్లో ఉన్న ఫోను మీద, ఇరవై ఏళ్ల కుర్రాడు దిద్దగలిగే ప్రోగ్రాము మీద.

ఆ కుర్రాడి చేత తెలుగు కూడా నేర్పించాలి దానికి. మావాడు మొదట "దయచేసి మీ కుడి మోచేతిని విస్తరించండి" అని గొంతు పెట్టాడు. పెద్దావిడ అటూ ఇటూ చూసి "ఎవరిని అంటోంది?" అంది. మర్నాడు కోడలి చేత చెప్పించి రికార్డు చేశాం: "చెయ్యి బాగా చాపత్తా. ఒళ్లు వంచకు." అత్తగారు వెంటనే చాపింది. కోడలు ఒళ్లు వంచకు అనడంలో ఇన్నేళ్ల లెక్కలేవో తీర్చుకున్నట్టు నాకనిపించింది గానీ, అది మన సబ్జెక్టు కాదు.

పోస్టుమాస్టరుగారి సంగతి అడుగుతారేమో. ఆయన భార్య ఆ రోజు మాస్టారు గీసింది చూసి వెళ్లి, మంచం దగ్గర్నుంచి స్నానాల గది దాకా రోజూ పొద్దున్నే ముగ్గుపిండితో అడ్డగీతలు వేసేది. ఇంట్లో ఆయన అలా తిరిగారు. పోస్టాఫీసుకి పింఛనుకి వెళ్లాలంటే మాత్రం రిక్షావాడు ఎత్తుకుని దింపాల్సి వచ్చేది, బజారంతా గీతలు వేసేవాళ్లెవరు? నేలకి ఆనిస్తే అడ్డంగా ఎర్రటి వెలుతురు గీత పడే లేజరు చేతికర్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కళ్లజోడులో గీతలు చూపించే కంపెనీలూ ఉన్నాయి. అందరు రోగులకీ ఇవి పనిచెయ్యవు, కొందరికి గీత ఉన్నా కాలు లేవదు. పనిచేసే మనిషికి మాత్రం ఇంటికీ బజారుకీ మధ్య ఉన్న ఎడాన్ని దాటించేది ఆ గీతే.

మా ప్రొజెక్టరుకి పోయిన నెల బల్బు పోయింది. కొత్తదానికి కాగితం పెట్టాం, కాగితం నడుస్తోంది. అందాకా నల్లరంగు వేసిన చెక్క ఒకటి బల్ల మీద పరిచి మాస్టారి పద్ధతిలో చాక్‌పీసుతో చుక్కలు పెడుతున్నాం, నేను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాను. పెద్దావిడ ఇంకా వస్తోంది. మొన్న ఏడు చుక్కలది పూర్తిచేసి, చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్లకి సుద్ద అంటుకుంది. కడుక్కోమని కోడలు నీళ్లు తెస్తే, "ఉండనీవే కాసేపు" అంది.